బాబాయి, కాకిగూళ్లు, కరెంటు స్తంభాలు

బాబాయి పోయాక పిన్ని ఇల్లు సర్దుతూ అటక మీంచి ఒక అట్టపెట్టె దింపించింది. తాడు విప్పి మూత తీయగానే గుప్పున వాసన. ఎండుగడ్డి, పాతమట్టి, ఎప్పుడో ఆరిపోయిన రెట్ట, అన్నీ కలిసిన వాసన. లోపల ఏముందో చూడక ముందే నాకు తెలిసిపోయింది. గిజిగాడు గూళ్లు. గాలివానకి తెగిపడ్డవీ, పిల్లలు ఎగిరిపోయాక కొమ్మతో సహా విరిగిపడ్డవీ ఏరి తెచ్చి దాచుకున్నాడు. చెట్టు మీదున్న గూడు మాత్రం ఏనాడూ తెంపలేదు.

ఒకటి చేతిలోకి తీసుకుని వెలుతురుకి ఎత్తి చూశాను. పచ్చిగా ఉన్నప్పుడు అల్లిన గడ్డి ఎండి రంగు మారింది గానీ అల్లిక ఎక్కడా సడల్లేదు. కొమ్మకి చుట్టిన చోట ఒక పోగు పైనుంచి వచ్చి, కిందకి దూరి, వెనక్కి తిరిగి తన మీదుగానే మళ్లీ దూరింది. ముడి అంటే ముడే. కింద గొట్టం దగ్గరికొచ్చేసరికి అల్లిక పల్చబడింది, అవతల వేలు కనిపిస్తోంది. గదిలోపల వేలు పెట్టి తడిమితే గరుగ్గా మట్టిపెళ్ల తగిలింది. ఈ మట్టి మీద మా ఇంట్లో ఒకప్పుడు పెద్ద వాదనే నడిచింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

*

బాబాయి కరెంటు లైన్‌మన్. కరెంటు పోతే జనం ముందుగా తిట్టుకునే మనిషి. ఎండలు ముదిరేసరికి ఆయనకి రెండు టెన్షన్లు ఉండేవి. లోడు పెరిగి ఫ్యూజులు పోవడం ఒకటి, కాకులు రెండోది.

కాకి గూడు పెట్టాలంటే ముందు దానికి గట్టి పంగ కావాలి. నాలుగు లావుపాటి పుల్లలు జారకుండా ఆగితే చాలు, మిగతాది దాని మీద పేర్చుకుంటుంది. స్తంభం పైన అడ్డంగా బిగించిన ఇనుప కమ్మి, పింగాణీ గిన్నెలు ఉన్న చోటు దానికి కొమ్మ కంటే నమ్మకంగా కనిపిస్తుందేమో. పుల్లలతో ఆగితే బాగుండేది. కట్టడాలు జరిగే చోట పడేసిన బైండింగ్ వైరు ముక్కలు, వంగిన హ్యాంగర్లు, తుప్పుపట్టిన కమ్మీలు, ముక్కుకి ఏది అందితే అది మోసుకొచ్చేది. వైరు ఒకసారి వంచితే అలాగే ఉండిపోతుంది, గాలికి కొట్టుకుపోదు. కాకి లెక్క ప్రకారం అది పుల్ల కంటే మంచి సరుకు. కానీ ఆ ముక్క ఒక కొస తీగకీ ఇంకో కొస ఇనుప కమ్మికీ తగిలిందా, ఠప్పుమని శబ్దం, ఆ ప్రాంతానికి కరెంటు తెచ్చే ఫీడర్ లైను ట్రిప్పయి ఆగిపోయేది, చుట్టుపక్కల అంతా చీకటి.

అప్పుడు బాబాయి బయల్దేరేవాడు. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపేశాం ఎక్కొచ్చనే అనుమతి, తీసుకోవడం, పొరపాటున కరెంటొచ్చినా నేలలోకి పోయేలా తీగకి ఎర్త్ రాడ్ తగిలించడం, నడుముకి బెల్టు, నెత్తిన హెల్మెట్. ఆ హెల్మెట్ షాక్ కొట్టకుండా కాదమ్మా, కాకులు పొడవకుండా అనేవాడు. ఆయన స్తంభం ఎక్కుతుంటే రెండు కాకులు మొదలుపెట్టేవి, రెండు నిమిషాల్లో ఇరవై అయ్యేవి. సైకిల్ దిగకముందే ఆయన్ని గుర్తుపట్టి అరుస్తాయని చెబితే మేము నవ్వేవాళ్లం. తర్వాత చాలా ఏళ్లకి, అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు ముసుగులు పెట్టుకుని కాకుల్ని పట్టి వదిలి పరీక్ష చేశారనీ, తమని పట్టుకున్న మొహాన్ని అవి ఏళ్ల తరబడి మర్చిపోలేదనీ చదివాను. అది అక్కడి కాకుల మాట. మన కాకులు మాత్రం తక్కువ తిన్నాయా!

ఆ రాత్రి భోజనాలయ్యాక మంచం మీద కూర్చుని పైన ఏం చూశాడో చెప్పేవాడు. బయటంతా ముళ్లపుల్లలు, వైర్లు. దాని లోపల సన్నటి వేళ్లు. ఇంకా లోపల పీచు, వెంట్రుకలు, గుడ్డపీలికలు. బయటినుంచి చూస్తే చెత్తకుప్ప, లోపల చెయ్యి పెడితే మెత్తన. ఆ గుంట అంత గుండ్రంగా ఎలా వస్తుందో ఒక పాత స్తంభం మీంచి ఎదుటి చెట్టులోకి చూస్తూ కనిపెట్టాడట. ఆడకాకి గూట్లో కూర్చుని రొమ్ము ఆనించి నొక్కుతూ, కాళ్లతో వెనక్కి తంతూ, కొంచెం తిరిగి మళ్లీ నొక్కుతుందట. గుండ్రంగా ఉండే గూళ్లలో చాలావరకు ఇలాగే తయారవుతాయి. కొలత తన ఒళ్లే.

ఖాళీ గూడైతే పీకేసేవాడు. గుడ్లో పిల్లలో ఉంటే వేలాడే వైరు ముక్కలు మాత్రం కట్టర్‌తో కత్తిరించి, గూటిని తీగలకి దూరంగా ఒక పక్కకి నెట్టి తాడుతో కట్టేసి దిగిపోయేవాడు. పైవాళ్లకి ఇది నచ్చేది కాదు. రెండు వారాల్లో మళ్లీ ట్రిప్పయితే ఎవడు బాధ్యుడని కేకలేసేవాళ్లు. "నెలరోజులు ఆగండి సార్, అవే ఖాళీ చేస్తాయి" అనేవాడట. ఆయన మాట నిజమే. కాకిగుడ్లు పొదగడానికి పదహారు పదిహేడు రోజులు, ఆ తర్వాత పిల్లలకి రెక్కలొచ్చేదాకా ఇంకో నాలుగు వారాలు. నెల అని చెప్పి నెలన్నర గడిపేసేవాడన్నమాట.

కొన్ని గూళ్లలో ఒక గుడ్డు కాస్త చిన్నగా, రంగు తేడాగా ఉండేది. కోకిలది. మగ కోకిల ఎదురుగా వచ్చి కూసి కాకుల్ని రెచ్చగొడుతుంది. అవి దాని వెంటపడిన సందులో ఆడది గుడ్డు పెట్టి పోతుంది. కోకిల గుడ్డు కాకిగుడ్డు కంటే రెండు మూడు రోజుల ముందే పిల్లవుతుంది కాబట్టి మేతకి ముందు వరసలో ఉంటుంది. బాబాయికి కోకిల మీద సదభిప్రాయం లేదు. ఎవరైనా దాని పాట మెచ్చుకుంటే, "ఒక్క పుల్ల మోసిన పిట్ట కాదు" అని లేచిపోయేవాడు.

*

మట్టి సంగతికొస్తే.

దిగుడుబావి మీదకి వంగిన ముళ్లచెట్టు ఒకటుండేది. తొలకరి పడి గడ్డి ఎదిగేసరికి దాని కొమ్మలన్నీ గిజిగాళ్ల సందడి. కింద నీళ్లు, చుట్టూ ముళ్లు, పామొచ్చినా పిల్లొచ్చినా ఆలోచించుకోవాల్సిన చోటు. బడి వదలగానే గట్టు మీద కూర్చునేవాళ్లం. మగపిట్ట గడ్డిపరక మొదట్లో ముక్కుతో గాటు పెట్టి, ఆ అంచు పట్టుకుని ఎగిరేది. దాని ఎగురుడుకే సర్రున చీలి, జానెడు నుంచి మూరెడు దాకా పోగు ఊడొచ్చేది. చర్ర్ మనే ఆ చిన్న చప్పుడు గుంపుగా వినిపిస్తుంటే బావి దగ్గర వేరే మాటలు వినపడేవి కావు.

మొదట కొమ్మకి ముడి. తర్వాత ఒక వలయం, పిట్ట అందులోనే కూర్చుని ముందుకీ వెనక్కీ అల్లుకుంటూ పోతుంది. సగం అయ్యేసరికి గూడు హెల్మెట్ ఆకారంలోకి వస్తుంది. అక్కడ పని ఆపేసి, దానికి వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటూ అరవడం మొదలుపెడుతుంది. ఆడపిట్టలు వస్తాయి, లోపలికి దూరి చూస్తాయి, లాగి చూస్తాయి, వెళ్లిపోతాయి. ఒకదానికి నచ్చితేనే మగది మిగతా గది, కిందకి దిగే గొట్టం పూర్తి చేస్తుంది. నచ్చకపోతే ఆ హెల్మెట్ అలాగే ఎండిపోతుంది. మా చెట్టుకి అలాంటి సగం గూళ్లు బోలెడుండేవి. మొత్తం గూటికి పద్దెనిమిది రోజుల దాకా పడుతుందనీ, మగపిట్ట 500 సార్లు దాకా గడ్డి మోస్తుందనీ తర్వాత పుస్తకాల్లో చూశాను. మేము చూసిందాన్ని బట్టి ఆ లెక్క ఎక్కువేమీ కాదు.

ఇంత కష్టపడిన మగపిట్ట, ఆడది గుడ్లు పెట్టగానే ఇంకో కొమ్మ మీద ఇంకో గూడు మొదలుపెడుతుంది, ఇంకో ఆడపిట్ట కోసం. పొదిగేది ఆడదొక్కటే. 1930ల మొదట్లోనే పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ ఈ సంసారమంతా పూసగుచ్చినట్టు రాశాడు. మా గట్టు మీద మాత్రం పిన్ని ఒక్క మాటలో తేల్చేసింది: "కట్టేవరకే వాడి శ్రద్ధ!"

కుర్రపిట్టలు కట్టిన గూళ్లు చూస్తేనే తెలిసిపోయేవి. పోగులు బయటికి పీక్కొచ్చి, ఒక పక్కకి ఒరిగి, రెండు రోజులకే జారిపోయేవి. అల్లిక పుట్టుకతో వచ్చేస్తుందని మా మాస్టారు చెబితే, "అలాగైతే ఆ చివరి కొమ్మవాడికెందుకు రాలేదూ?" అని బాబాయి అడిగేవాడు. మంచి ప్రశ్నే. 2011లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం వాళ్లు ఆఫ్రికాలోని బోట్స్వానాలో గిజిగాడికి దాయాది వరసయ్యే పిట్టల్ని వీడియో తీసి చూశారు. ఒకే పిట్ట కూడా ఒక్కో గూటికి ఒక్కో పద్ధతి మారుస్తోందనీ, గూళ్లు కట్టేకొద్దీ గడ్డి పోగులు కింద పారేసుకోవడం తగ్గుతోందనీ తేల్చారు. పుట్టుకతో వచ్చేది కొంత, చేయి తిరిగితే వచ్చేది కొంత.

ఇక మట్టి. గిజిగాడు గూట్లో మట్టిముద్ద అంటించి, దానికి మిణుగురు పురుగుని గుచ్చి రాత్రి దీపం పెట్టుకుంటుందని నాయనమ్మ మాకు చెప్పింది. బాబాయి తెగిపడ్డ గూడొకటి తెచ్చి, చీల్చి చూపించాడు. మట్టి ఉంది, మిణుగురు లేదు.

"పగలెందుకుంటుందిరా? రాత్రి పెట్టుకుంటాయి" అంది నాయనమ్మ.

ఆ రాత్రి డ్యూటీ నుంచి వస్తూ బావి దగ్గర ఆగి, చాలాసేపు చీకట్లో కూర్చుని చూసొచ్చాడు. ఒక్క గూట్లోనూ మినుకుమనలేదు.

"నీ టార్చిలైటు చూసి ఆర్పేసి ఉంటాయి" అంది.

ఆ వాదన నాయనమ్మ పోయేదాకా తేలలేదు. గాలికి తేలిక గూడు గిరగిరా తిరక్కుండా ఆ బరువు పనికొస్తుందని చెబుతారు. నాకూ అదే సబబనిపిస్తుంది.

*

ఆ రాత్రి బాబాయి చూసిన ఇంకో సంగతి నాకు మిణుగురు కంటే ఎక్కువ పట్టుకుంది. గూళ్లలో చాలావాటిలో పిట్టలే లేవన్నాడు. మగవన్నీ అవతల రెల్లులో గుంపుగా కూర్చుని నిద్రపోతున్నాయట.

మా పుస్తకంలో మాత్రం సాయంత్రం కాగానే పక్షులు గూళ్లకి చేరతాయని ఉండేది. బొమ్మ కూడా ఉండేది, గూట్లో తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు. బాబాయి ఇరవై ముప్పై ఏళ్లు రాత్రిళ్లు టార్చి పట్టుకుని స్తంభాల కింద, చెట్ల కింద తిరిగిన మనిషి. వానలో, చలిలో పిట్టలన్నీ కొమ్మల మీదే ముడుచుకుని కనిపించేవి, పక్కనే పాత గూడు ఖాళీగా ఉన్నా సరే. గూట్లో ఉండేది గుడ్ల మీద కూర్చున్నది ఒక్కటే. పిల్లలు ఎగిరిన మర్నాటి నుంచి దానికీ అక్కడ పని లేదు. గూడు ఇల్లు కాదు, పురుటిగది. వాడిన గూట్లో పేలు, పిడుదుల్లాంటి పురుగులు చేరతాయి, వాసనకి పాములొస్తాయి, వానకి కుళ్లుతుంది. అందుకే చాలా పిట్టలు మళ్లీ ఏడాది కొత్తది కట్టుకుంటాయి. తొర్రల్లో ఉండే వడ్రంగి పిట్టల్లాంటివి వేరు, అవి మామూలు రోజుల్లో కూడా తొర్రలోనే పడుకుంటాయి.

ఇది తెలిశాక నాకు చిన్న కోపం వచ్చింది. అంత అల్లికా నెలరోజుల కోసమా అని. తర్వాత టేకు మొక్క దగ్గర ఆ కోపం పోయింది.

*

పెరట్లో కుళాయి పక్కన టేకు మొక్క నా భుజం ఎత్తుండేది. దాని ఆకు ఒకటి అంచులు దగ్గరికొచ్చి పొట్లంలా ఉంటే, పురుగు పట్టిందని తుంచబోయాను. లోపల దర్జీ పిట్ట గూడు. ఆడపిట్ట ఆకు అంచున ముక్కుతో సూదిమొనంత రంధ్రం పెట్టి, సాలెపట్టో దూదిపోగో అందులోంచి లాగి, అవతలి అంచులోకి తోస్తుంది. బయటికొచ్చిన కొస ఉబ్బి విచ్చుకుని మళ్లీ వెనక్కి జారదు. నేను చూసినవాటిలో ముడి ఒక్కటీ లేదు. రంధ్రాలు అంత చిన్నవి కాబట్టి ఆకు వాడదు, పచ్చగానే ఉంటుంది, పక్క ఆకుల్లో కలిసిపోతుంది. లోపల దూది పరుపు.

పిల్లలు పుట్టాక కుళాయి దగ్గర బిందె నింపే నెపంతో నేనక్కడే. తల్లీ తండ్రీ మార్చి మార్చి పురుగులు తెచ్చేవి. మేత పెట్టాక పిట్ట వెంటనే ఎగిరిపోదు, ఒక్క క్షణం ఆగుతుంది. పిల్ల వెనక్కి తిరిగి తోక ఎత్తుతుంది. తెల్లటి చిన్న సంచి బయటికొస్తుంది. రెట్టే, కానీ పల్చటి పొరలో చుట్టి ఉంటుంది. పిట్ట దాన్ని ముక్కుతో పట్టుకుని దూరంగా పారేసి వస్తుంది. గూడు అంత చిన్నది, లోపల అంతమంది, అయినా దూదికి మరక లేదు. పురుగుకి ఒక రాకడ, సంచికి ఒక పోకడ. రోజంతా అదే పని.

పిచ్చుకలదీ దాదాపు అదే వరస గానీ వాటికి ఇంత నాజూకు లేదు. మీటరు బోర్డు వెనక సందులో గడ్డి, దారాలు, ఈకలు కుక్కేసేవి. మీటరు రీడింగ్‌కి వచ్చినాయన మీద గడ్డి రాలేది. గింజలు తినే పిట్టే అయినా పిల్లలకి మాత్రం మొదట్లో పురుగులే పెడుతుంది. ఇప్పటి గోడలకి ఆ సందులు లేవు. మొన్న ఎవరో పిచ్చుకల కోసం రంగులేసిన చెక్కపెట్టె కొని, మిట్టమధ్యాహ్నం ఎండ కొట్టే గోడకి తగిలించారు. లోపల ఉడికిపోతుందే అని అడిగితే బాల్కనీకి అందంగా ఉందన్నారు.

*

బాబాయి ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఇంకా పాత చెక్క స్తంభాలు కొన్ని మిగిలి ఉన్నాయట. ఒకదానికి వడ్రంగి పిట్ట తొర్ర తొలిచింది. లోపల పరుపూ గిరుపూ ఏమీ లేదు, రాలిన చెక్కపొట్టు మీదే గుడ్లు. అది ఖాళీ చేశాక గోరింకలు దిగాయి, వాటికి మాత్రం గడ్డి, కాగితాలు, పాము కుబుసం దాకా కావాలి. గోరింకలతో చిలకలు తగువుపడి ఒక ఏడు గెలిచాయి. తొలిచింది ఒకరు, అనుభవించింది ముగ్గురు. సిమెంటు స్తంభం పాతాక ఆ వరస ఆగిపోయింది.

సబ్‌స్టేషన్‌లో తీతువుల కథ ఇంకో రకం. అక్కడ నేలంతా కంకర పరుస్తారు. తీతువు ఆ రాళ్ల మధ్య కాలితో కాస్త గుంట చేసి నాలుగు గుడ్లు పెట్టేస్తుంది, సన్నని కొసలన్నీ లోపలికి తిప్పి. గూడు అనడానికి ఏమీ ఉండదు. గుడ్డుకీ కంకరకీ తేడా తెలీక తొక్కుతారని ఆపరేటర్లు చుట్టూ నాలుగు ఇటుకలు పెట్టేవాళ్లు. మధ్యాహ్నం ఆ కంకర అరికాలు కాలేంత వేడి. పిట్ట కూలింగ్ నీళ్ల మడుగులోకి వెళ్లి పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద నిలబడేదట. పొదగడమంటే వేడి చెయ్యడమే అనుకున్నాం మేమంతా.

బాబాయి పోకముందు ఆఫ్రికా ఎడారుల్లోని గిజిగాళ్ల ఫొటో ఒకటి ఆయనకి ఫోన్‌లో చూపించాను. సోషియబుల్ వీవర్ అంటారు. వందకి పైగా జంటలు కలిసి ఒకే కప్పు కింద గదులు కట్టుకుంటాయి. అవి మాత్రం ఏడాది పొడుగునా అందులోనే పడుకుంటాయి, ఎండకీ చలికీ. తరాల తరబడి అదే గూడు. చెట్లు లేనిచోట టెలిఫోన్, కరెంటు స్తంభాల మీద కూడా గడ్డివామంత కట్టేస్తాయి. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈ సెక్షన్‌కి నన్ను వెయ్యకుండా చూడమ్మా" అన్నాడు.

*

కత్తిరించిన వైరు ముక్కల సంగతి చెప్పకపోతే ఇదంతా అసంపూర్తిగా ఉంటుంది. మొదట్లో బాబాయి వాటిని స్తంభం కిందే పడేసేవాడు. మర్నాడు చూస్తే అవే ముక్కలు మళ్లీ పైనున్నాయి. ఇలా కాదని సంచిలో వేసుకుని ఇంటికి తేవడం మొదలుపెట్టాడు. పెరటి గోడ మూలన ఒక గుట్ట తయారైంది. పాతసామాన్లవాడికి వేద్దామని పిన్ని, రేపు వేద్దామని ఆయన.

ఒక ఎండాకాలం పెరటి చెట్టు మీద కాకి గూడు పెట్టింది. ఎంతో కొంత గర్వంగా నిచ్చెన వేసుకుని ఎక్కి చూశాడు బాబాయి. అడుగు నుంచి అంచు దాకా ఆయన కట్టర్‌తో కత్తిరించిన ముక్కలే. గుడ్లు కూడా పెట్టేసింది.

పిన్ని కింద నిచ్చెన పట్టుకుని నిలబడి అడిగింది, "మీ డిపార్టుమెంటు సామానే కదా, లైన్ క్లియర్ తీసుకున్నారా?"